వేపకొమ్మ మీద బదనికకు నీళ్లెక్కడివి?

వేపకొమ్మ మీద మొలిచి దాని నీళ్లతోనే బతికే మొక్క బదనికను మంచి నక్షత్రం చూసి కోసి బీరువాలో పెడితే డబ్బు నిలుస్తుందంటారు, నిజమేనా అని ధర్మవరం పాఠకురాలు ఒకరు అడిగారు. నిలవదమ్మా. నక్షత్రానికీ బదనికకూ సంబంధం లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన అనంతపురంలో, మట్టిలో ఒక్క వేరు కూడా లేని ఆ మొక్క నడి ఎండాకాలంలో పచ్చగా ఎలా ఉంటుందన్నదే నన్ను ఏళ్లుగా పట్టుకున్న ప్రశ్న.

మన వేప, కానుగ, మామిడి మీద ఎక్కువగా కనిపించేది డెండ్రోఫ్తో ఫాల్కేటా అనే రకం బదనిక. దాని పండును 8 సెంటీమీటర్ల చిన్న పిట్ట ఒకటి మింగుతుంది. విత్తనం జిగురుతో సహా బయటికొచ్చి కొమ్మకు అంటుకుంటుంది. ఆ జిగురు పేరు విస్సిన్. లాటిన్‌లో విస్కమ్ అంటే యూరప్ బదనిక, దాని పండ్లతో చేసి పిట్టల్ని పట్టే బంక కూడా. ఫిజిక్స్‌లో పిల్లలు బట్టీ పట్టే విస్కాసిటీ అక్కడి నుంచి వచ్చిందే. టీచర్లు ఒక పండిన కాయను క్లాసులో నొక్కి, ఆ జిగురును దారంలా సాగదీసి చూపిస్తే ఎంత బాగుంటుంది!

ఇక నీళ్ల సంగతి. వీధి కొళాయి పైపుకు ఒకరు మోటార్ బిగిస్తే పక్కింటికి నీళ్లు రావు కదా, ఇక్కడ జరిగేదీ అదే. మొలక నుంచి హాస్టోరియం అనే భాగం బెరడు చీల్చుకుని లోపలికి దిగి, వేరు నుంచి నీళ్లు మోసే వేప దారువు నాళాలతో కలిసిపోతుంది. అదే కనెక్షన్. మోటారేమో ఆకులు. పత్రరంధ్రాల నుంచి నీరు ఆవిరవుతుంటే నాళాల్లో పీడనం పడిపోతుంది, పీడనం తక్కువున్న వైపుకే నీరు పోతుంది. మిట్టమధ్యాహ్నం వేప తన రంధ్రాలు మూసుకుని పొదుపు చేస్తుంది. బదనిక మూయదు, అంటే దాని మోటార్ ఆగదు. అన్ని నీళ్లు దేనికంటే, నైట్రోజన్, ఖనిజాలు ఆ నీళ్లలో చాలా పలచగా కరిగి ఉంటాయి, కావలసినంత దొరకాలంటే ఎక్కువ లాగాలి. చక్కెర మాత్రం చాలావరకు తన పచ్చని ఆకులతో తానే చేసుకుంటుంది, అందుకే దీన్ని అర్ధ పరాన్నజీవి అంటారు. పైపు చివరి ఇంటికి నీళ్లందనట్టే, బదనిక పట్టిన చోటు దాటాక కొమ్మ ఎండుతుంది.

మామిడి రైతులు బదనిక ఆకులు దూసేసి ఊరుకుంటే అది మళ్లీ చిగురిస్తుంది, హాస్టోరియం లోపలే ఉంటుంది కాబట్టి. కాయ పండకముందే, అది పట్టిన చోటికి కింద కొమ్మనే కోసేయాలి.