గైడ్ కుర్చీ ఎవరిది?

కంప్యుటేషనల్ సైన్స్‌లో, అంటే శాస్త్ర సమస్యలను గణిత నమూనాలతో కంప్యూటర్ మీద తేల్చే చదువులో, పీహెచ్‌డీ పెడితే అది ఏ డిపార్ట్‌మెంట్ కిందికి రావాలి? గుంటూరు, విజయవాడ మధ్య స్టాఫ్ రూముల్లో ఈ పంచాయితీ మళ్లీ మొదలైంది. అసలు ముడి పడింది 2016లో.

ఆ ఏడాది యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో ఓ వాక్యం చేరింది. అంశం ఒక్క సబ్జెక్టుకు లొంగనిదైతే బయటి నుంచి కో-గైడ్‌ను పెట్టుకోవచ్చు, అసలు గైడ్ మాత్రం సొంత విభాగంవారే. చదవడానికి ఉదారంగానే ఉంది. ఆచరణలో మాత్రం ఇల్లు ఒకరిది, రెండోవారు చుట్టం. ఏ పేపర్లు చదవాలో, కమిటీలో ఎవరుండాలో ఇంటివాళ్ల మాటే.

2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు వాగునే తీసుకోండి. నీరు ఏ వీధిలోకి ఎంతసేపట్లో వస్తుందో ముందే లెక్కగట్టాలంటే సివిల్ ఇంజినీరింగ్ వాళ్ల హైడ్రాలజీ (నీటి ప్రవాహాల శాస్త్రం) కావాలి, మ్యాథ్స్ వాళ్ల అవకలన సమీకరణాలు కావాలి, ఎన్నో ప్రాసెసర్ల మీద ఒకేసారి నడిచే కోడ్ రాయడం రావాలి. ఇవన్నీ నేర్చుకోవాలనుకునే స్కాలర్ ఎక్కడ చేరాలి? రాష్ట్రంలో పీహెచ్‌డీ ప్రవేశానికి రాసే ఏపీఆర్‌సెట్ సబ్జెక్టులవారీ పరీక్ష, గేటు దగ్గరే ఏదో ఒక గడి ఎంచుకోక తప్పదు.

స్కాలర్ల అసలు టెన్షన్ ఆ తర్వాతిది. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టులో పీజీ ఉండాలని యూజీసీ 2018 నిబంధనలు చెబుతాయి. మ్యాథ్స్‌లో పీజీ చేసి వరద మోడల్ మీద థీసిస్ రాసినవాడిని సివిల్ వాళ్లు తమవాడనరు. మ్యాథ్స్ వాళ్లేమో ‘ఇందులో థియరమ్ ఏదయ్యా?’ అంటారు. ఐదేళ్లు ధారపోశాక వినాల్సిన మాటా అది?

ఇలా సబ్జెక్టులు కలిపితే లోతు తగ్గుతుందని, థీసిస్ చూడటానికి తగిన పరీక్షకులు దొరకరని విభాగాలు అంటున్నాయి. కొంత నిజమే. కానీ అమెరికా ఇంధన శాఖ 1991 నుంచి ఇస్తున్న కంప్యుటేషనల్ సైన్స్ ఫెలోషిప్‌లో విద్యార్థి తన సబ్జెక్టుతో పాటు గణితం, కంప్యూటర్ సైన్స్ కోర్సులు చేయాల్సిందే, జాతీయ ప్రయోగశాలలో 12 వారాలు పని చేయాల్సిందే. బెంగళూరు ఐఐఎస్‌సీ అయితే ఏకంగా కంప్యుటేషనల్ అండ్ డేటా సైన్సెస్ విభాగమే పెట్టుకుంది.

యూజీసీ 2022 నవంబరు నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ స్కాలర్ చదవాల్సిన కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు. రీసెర్చ్ మెథడాలజీ, ఎథిక్స్ పేపర్లు పోగా మిగిలేవి కొన్నే. ఇప్పుడు విభాగాలు పట్టుపడుతున్నది ఆ కొన్నింటి దగ్గరే.