హిట్లర్ బొమ్మలు, హిట్లర్ భవనాలు: కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆర్కిటెక్చర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. 1930ల జర్మనీ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఏటా అవే మాటలు అంటారు. ఎక్కువగా ఫార్వర్డ్ మెసేజ్‌లలో చదివినవే. వాటికి ఇక్కడ ఓపిగ్గా జవాబు రాస్తున్నాను.

అపోహ: వియన్నా చిత్రకళా అకాడమీ హిట్లర్‌కు సీటిచ్చి ఉంటే రెండో ప్రపంచ యుద్ధమే వచ్చేది కాదు.

వాస్తవం: 1907లో 113 మంది పరీక్షకు కూర్చుంటే 28 మందే నెగ్గారు. 1908లో హిట్లర్ మళ్లీ వెళితే పరీక్షకే రానివ్వలేదు. సరే, మొదటిసారి అతనితో పాటు సీటు రానివాళ్లు ఇంకా 84 మంది ఉన్నారు కదా! అతను రాజకీయాల్లోకి వచ్చింది 1919లో, జర్మనీ మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక. నెపమంతా ఒక పరీక్ష మీదికి నెట్టేస్తే, అప్పటికే సమాజంలో పేరుకుపోయిన యూదు ద్వేషం, అతనికి ఓట్లేసి అండగా నిలిచినవాళ్లు లెక్కలోకే రారు.

అపోహ: బొమ్మల సంగతి ఎలా ఉన్నా, కట్టడాల్లో అతనికి గొప్ప అభిరుచి ఉంది.

వాస్తవం: చెయ్యి తిరిగిన మాట నిజమే. వియన్నాలో పోస్టుకార్డు బొమ్మలు వేసి అమ్ముకుని బతికాడు. భవనాలు శ్రద్ధగా వేసేవాడు, మనుషులు మాత్రం కుదిరేవారు కాదు. వియన్నాలో రింగ్‌స్ట్రాసె అనే పెద్ద వీధి మీది పందొమ్మిదో శతాబ్దపు భవనాల మీద మోజు చివరిదాకా పోలేదు. తర్వాత చేసిందల్లా ఆ తరహాను సైజు పెంచుకుంటూ పోవడమే. పారిస్ విజయ తోరణం 50 మీటర్లుంటే, బెర్లిన్‌లో కట్టాలనుకున్నది 117 మీటర్లు. లక్షా ఎనభై వేల మంది పట్టే హాలు, దాని మీద గుమ్మటం, మొత్తం ఎత్తు 290 మీటర్లు. అంత హాల్లో వేదిక మీది మనిషి చీమంత కనిపిస్తాడు. మనిషి కొలత మరిచిన డిజైన్‌ను నేను అభిరుచి అనలేను.

ఇంతకీ ఆ నేల తోరణం బరువు మోస్తుందా? అది తేల్చుకోవడానికి 1941లో అక్కడే 12,650 టన్నుల కాంక్రీట్ దిమ్మె పోయించారు. పనివాళ్లలో ఫ్రెంచి యుద్ధఖైదీలూ ఉన్నారు. బెర్లిన్ వెళ్లినప్పుడు దాని పక్కన నిలబడి చూశాను. పైన 21 మీటర్ల వెడల్పు గుండ్రటి దిమ్మె, కింద 18 మీటర్ల లోతుకు దిగిన సన్నటి కాండం. అచ్చం పుట్టగొడుగే. రెండున్నరేళ్లలో సుమారు 19 సెంటీమీటర్లు కుంగింది. మామూలు ఇంటికి పునాది ఒక పక్క రెండు సెంటీమీటర్లు దిగితేనే గోడలు బీటలిస్తాయని మాకు టెన్షన్. చుట్టూ ఇళ్లుండటంతో పేల్చేయలేక వదిలేశారు. 1995 నుంచి అది రక్షిత కట్టడం.

అపోహ: వెయ్యేళ్ల తర్వాత శిథిలాలు కూడా రోమ్‌లా అందంగా ఉండేలా కట్టారు.

వాస్తవం: ఇది హిట్లర్ ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ స్పీర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్న కథ. నాజీ సభల కోసం నురెంబర్గ్ జెప్పెలిన్ మైదానంలో అతనే కట్టిన వేదిక చూడండి. పైకి సున్నపురాయి పలకలు, లోపల ఇటుక, కాంక్రీటు. తడి లోపలికి దిగి చాలా కాలంగా పాడవుతూనే ఉంది. స్తంభాల వరస నిలవడం కష్టమని 1967లో పేల్చేశారు.

అపోహ: స్పీర్ పాపం కళాకారుడు, పెద్ద ప్రాజెక్టుల మోజులో పడిపోయాడంతే.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇదే. నురెంబర్గ్ యుద్ధ నేరాల విచారణలో 20 ఏళ్ల శిక్ష పడి, 1966లో విడుదలయ్యాక అతనే ఈ కథను అల్లుకున్నాడు. 1937 నుంచి బెర్లిన్ పునర్నిర్మాణం అతని చేతిలో ఉంది. కూల్చిన ఇళ్లవాళ్లకు చోటు కావాలని అతని ఆఫీసు వేలాది యూదు కుటుంబాల ఇళ్లు ఖాళీ చేయించింది. ఈ కట్టడాలకు కావాల్సిన రాయి, ఇటుక కోసం 1938లో నాజీల సాయుధ దళం ఎస్‌ఎస్ సొంత కంపెనీ పెట్టింది. ఫ్లోసెన్‌బుర్గ్, మౌట్‌హౌసెన్ నిర్బంధ శిబిరాలను గ్రానైట్ క్వారీల పక్కనే కట్టారు.

మౌట్‌హౌసెన్ క్వారీకి 186 మెట్లు. ఖైదీలు వీపున బండరాయి మోసుకుని వరసగా ఎక్కాలి. పైన ఒకడు కూలబడితే వెనకవాళ్లంతా రాళ్లతో సహా దొర్లిపోయేవారు. క్లాసులో ఆ గుమ్మటం నమూనా ఫొటో వేసిన ప్రతిసారీ, పక్కనే ఈ మెట్ల ఫొటో కూడా వేస్తాను.