కెఫీన్ లేని కాఫీలు: నా కొట్టుకి వచ్చేవాళ్లు అడిగే మాటలు, నేను చెప్పే నిజాలు

ధనియాలు, సొంఠి, చికోరీ, బార్లీ వేయించి పొడి చేసి అమ్మడం నా పని. విశాఖలో చిన్న కొట్టు. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక ముగించుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. డాక్టరు కాఫీ తగ్గించమన్నారనో, రాత్రి నిద్ర పట్టడం లేదనో వస్తారు. వాళ్లు అప్పటికే విని వచ్చిన మాటల్లో కొన్ని సరికావు. అమ్మేదాన్ని నేనే కాబట్టి, నా సరుకు గురించి లేనిపోనివి నమ్మితే కాదని చెప్పాల్సిందీ నేనే.

అపోహ: గ్రీన్ టీ, డీకాఫ్ (కెఫీన్ తీసేసిన కాఫీ), ఆర్గానిక్ కాఫీ... వీటిలో కెఫీన్ ఉండదు

స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసే ఒకాయన "కాఫీ మానేసి గ్రీన్ టీకి మారాను అక్కా, అయినా నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్తే నిద్ర రావట్లేదు" అన్నారు. గ్రీన్ టీ కూడా తేయాకే. కప్పుకు సుమారు 30 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. పెద్ద కప్పు కాఫీలో ఉండేది 95 దాకా. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. డ్యూటీ దిగగానే రెండు కప్పులు తాగి పడుకుంటే నిద్ర ఎలా వస్తుంది? డీకాఫ్‌లోనూ కప్పుకు 2 నుంచి 15 మిల్లీగ్రాములు మిగులుతుంది.

అరకు కాఫీ ఆర్గానిక్ కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు కాఫీ అరబికా రకం. రోబస్టా అనే మరో కాఫీ రకంతో పోలిస్తే అందులో కెఫీన్ సుమారు సగమే, కానీ ఉంటుంది. మందులు చల్లకుండా పండించినంత మాత్రాన గింజలోని కెఫీన్ పోదు. 'హెర్బల్' అని రాసిన ప్యాకెట్ కొన్నా వెనకవైపు చదవండి. గ్వరానా, యెర్బా మాటే అని ఉంటే అవి మొక్కల నుంచి వచ్చినవే, కెఫీన్ ఉన్నవే.

ధనియాలు, సొంఠి, చికోరీ వేరు, బార్లీ, తులసి, నిమ్మగడ్డి... వీటిలో కెఫీన్ లేదు.

అపోహ: చికోరీ అంటే కల్తీ

చికోరీ ఒక మొక్క వేరు. ఎండబెట్టి వేయిస్తే కాఫీకి దగ్గరగా చేదూ, రంగూ వస్తాయి. కాఫీ పొడిలో 49 శాతం దాకా కలపడానికి మన దేశంలో నిబంధనలు ఒప్పుకుంటాయి, కాకపోతే ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. రాయకుండా కలిపితే అప్పుడది మోసం. దీనికి ఎదురుగా ఇంకో పొరపాటు ఉంది. చికోరీ ఎక్కువున్న ఫిల్టర్ పొడి కొని కెఫీన్ లేదనుకుంటారు. సగం కాఫీ ఉంటే సగం కెఫీన్ ఉన్నట్టే.

ఇంట్లోనే చూసుకోవచ్చు. గాజు గ్లాసులో చన్నీళ్లు పోసి పైన కొంచెం పొడి చల్లండి. కాఫీ పొడి తేలుతుంది. చికోరీ కాసేపట్లోనే గోధుమరంగు చారలు వదులుతూ కిందికి దిగుతుంది. నా దగ్గర కొన్న పొడితోనూ చేసి చూడండి, నాకు సంతోషమే.

అపోహ: ధనియాల కాఫీ నాకు పడలేదు, తాగగానే తలనొప్పి వచ్చింది

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే మాట ఇది. దీనివల్లే చాలామంది మూడో రోజుకి మళ్లీ పాత కాఫీ దగ్గరికి వెళ్లిపోతారు. ఆ తలనొప్పి ధనియాల వల్ల కాదు. రోజూ అలవాటైన కెఫీన్ ఒక్కసారిగా ఆగినందుకు వచ్చింది. ఆపిన 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో బాగా ఎక్కువవుతుంది, కొందరికి 9 రోజుల దాకా ఉంటుంది. చిరాకు, మగత, పని మీద మనసు నిలవకపోవడం కూడా అందులో భాగమే.

అందుకే ఆదివారం రాత్రి ఒట్టేసుకుని సోమవారం నుంచి పూర్తిగా మానొద్దు. ఫిల్టర్లో వేసే పొడిలో నాలుగో వంతు తీసేసి, అంత చికోరీ వేయండి. నాలుగు రోజులు అలాగే తాగండి. తర్వాత సగం సగం. ఆ తర్వాత కాఫీ నాలుగో వంతు. రెండు వారాల్లో చాలామంది పెద్దగా ఇబ్బంది పడకుండా దాటేస్తారు. డికాక్షన్ వాసన, చేతిలో వేడి గ్లాసు, పాల మీద నురగ అన్నీ అలాగే ఉంటాయి కాబట్టి మనసు కూడా గొడవ చేయదు.

ధనియాల కాఫీకి నేను మారమనేది ఆ తర్వాతే. వంద గ్రాముల ధనియాలకి చెంచా జీలకర్ర, చిన్న సొంఠి ముక్క, నాలుగైదు మిరియాలు. సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి, చల్లారాక బరకగా పొడి చేయాలి. గ్లాసు నీళ్లకి చెంచా పొడి వేసి మూడు నాలుగు నిమిషాలు మరిగించి వడకట్టాలి. పాలు పోస్తే బెల్లం మాత్రం పొయ్యి ఆపాకే వేయండి, లేకపోతే విరిగిపోయే ప్రమాదం ఉంది.

అపోహ: బెల్లం వేస్తే షుగర్ ఉన్నవాళ్లూ ఎంతైనా తాగొచ్చు

అనకాపల్లి బెల్లం రుచి నాకూ ఇష్టమే. కానీ బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే, రక్తంలో షుగర్ పెంచుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి తియ్యదనం లేకుండానే ఇస్తాను.

అపోహ: మూలికే కదా, ఎవరికీ ఏమీ కాదు

అతిమధురం అనే వేరు గురించి గట్టిగా చెబుతాను. రోజూ ఎక్కువగా తీసుకుంటే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. బీపీ మందులు వాడేవాళ్లు దాని జోలికి పోవద్దు. చికోరీలోని ఇన్యులిన్ అనే పీచు కొందరికి కడుపు ఉబ్బరం తెస్తుంది, తక్కువతో మొదలుపెట్టండి. గోధుమలోని గ్లూటెన్ పడనివాళ్లకి బార్లీ కూడా పడదు.

గర్భిణులు కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోమంటారు, కాబట్టి ప్రత్యామ్నాయం వెతకడం మంచిదే. కానీ ఆకులు, వేర్లు కలిపిన పొడులు వాళ్లకి నేను అమ్మను. ముందు తమ డాక్టరుని అడిగి రమ్మంటాను.

థైరాయిడ్ మాత్ర కాఫీతో వేసుకోకూడదని తెలిసినవాళ్లు ధనియాల కాఫీతో వేసుకుంటున్నారు. అదీ వద్దు. పరగడుపున మంచినీళ్లతోనే వేసుకుని, కనీసం అరగంట ఆగండి. ఐరన్ మాత్రలకి కూడా ఎడం ఇవ్వండి, చాలా హెర్బల్ టీలు ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి.

అపోహ: ఎంత నల్లగా వేయిస్తే అంత మంచి కాఫీ రుచి

మాడితే చేదు పెరుగుతుంది, అంతే. చికోరీ, బార్లీ లాంటి పిండి పదార్థాలున్న సరుకు గట్టిగా వేయించినప్పుడు అక్రిలమైడ్ అనే అవాంఛిత పదార్థం పుడుతుంది. యూరప్‌లో వేయించిన కాఫీకి కిలోకు 400 మైక్రోగ్రాములు, చికోరీకి 4,000 అని వేర్వేరు ప్రమాణాలు పెట్టుకున్నారంటే చికోరీలో అది ఎంత ఎక్కువగా పుడుతుందో చూడండి. రోజుకు ఐదారు గ్లాసులు చికోరీ తాగమని అందుకే నేను ఎవరికీ చెప్పను. ఒకటి రెండు చాలు, మిగతా పూటలు ధనియాలో, నిమ్మగడ్డో.

ఇంకొక్క మాట. మన ఊరి ఉక్కపోతకి చికోరీ పొడి తేమ లాగి గడ్డకడుతుంది. వంద గ్రాములకు మించి ఒకసారి కొనకండి, తడి చెంచా డబ్బాలో పెట్టకండి.