మొదటి పగడం మెత్తటిదే కావాలి

కొత్తగా రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టినవాళ్ల కళ్లు సాధారణంగా ఆక్రోపోరా మీద పడతాయి. కొమ్మలు కొమ్మలుగా, నీలం, ఊదా రంగుల్లో ఉండే ఆ పగడాన్ని చూశాక మిగతావి కంటికి ఆనవు. అయినా మొదటి పగడంగా దాన్ని తెచ్చుకోవద్దనే చెబుతాను. రంగు సంగతి తర్వాత చూద్దాం, ముందు దాని అస్థిపంజరం గురించి ఆలోచించాలి.

పగడం జెల్లీ చేపలకు బంధువైన జంతువు. పాలిప్ అనే ఒక్కో చిన్న జీవికి నోరు, దాని చుట్టూ టెంటకిల్స్ అనే సన్నటి చేతుల్లాంటివి ఉంటాయి. మనం ట్యాంకుల్లో ఎక్కువగా పెంచే పగడాల కణాల్లో జూజాంతెల్లే అనే ఏకకణ శైవలాలు బతుకుతుంటాయి. వెలుతురు పడ్డప్పుడు అవి తయారుచేసే ఆహారంలో పెద్ద వాటా పగడానికే అందుతుంది. ఇక్కడిదాకా ఆక్రోపోరాకీ, మెత్తటి పగడాలకీ పెద్ద తేడా లేదు. ఆక్రోపోరా మాత్రం దీనికి తోడు నీళ్లలోంచి కాల్షియం, కార్బొనేట్ తీసుకుని రాతి అస్థిపంజరాన్ని పెంచుకుంటూ పోవాలి. అందుకే దానికి కాల్షియం లీటరుకు 400-450 మిల్లీగ్రాములు, క్షారత 8-9 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) దగ్గర కదలకుండా ఉండాలి. కొత్త ట్యాంకులో కుదరనిది ఆ నిలకడే. అక్కడ బ్యాక్టీరియా ఇంకా స్థిరపడుతూ ఉంటుంది. నీరు ఆవిరై లవణీయత పెరుగుతుంది. మంచినీళ్లు పోసి సరిచేయడం మనకూ అప్పుడప్పుడే అలవాటవుతుంటుంది.

గట్టి అస్థిపంజరం కట్టని పగడాలకు ఇంత పట్టింపు ఉండదు. నీళ్లలో కాస్త నైట్రేట్, ఫాస్ఫేట్ ఉన్నా ఫరవాలేదు. నిజానికి ఆ రెండూ బొత్తిగా లేకపోతేనే ఇవి చిక్కిపోతాయి.

వీటిలో నా మొదటి ఓటు మష్రూమ్ పగడానికే. డిస్కోసోమా రకానిదైతే తక్కువ వెలుతురు, నెమ్మదైన ప్రవాహం చాలు. జీవశాస్త్రం ప్రకారం ఇవి రాతి పగడాలకు దగ్గరి చుట్టాలే, కాకపోతే అస్థిపంజరం కట్టవు. రెండు ముక్కలైనా ఏ ముక్కకు ఆ ముక్క పూర్తి మష్రూమ్‌గా ఎదగగలదు.

తర్వాత టోడ్‌స్టూల్ లెదర్ అనే మెత్తటి పగడం. దీనితో ఒక టెన్షన్ ఉంది. ఉన్నట్టుండి పాలిప్స్ అన్నీ లోపలికి లాక్కుని, రోజుల తరబడి ముడుచుకుని, పైన మైనం పూసినట్టు కనిపిస్తుంది. చచ్చిపోతోందనుకుని చోటు మార్చకండి. పై పొరను విడుస్తోందంతే. ప్రవాహం బాగా తగిలితే ఆ పొర ఊడిపోయి మళ్లీ విచ్చుకుంటుంది. అయితే ఇది పక్క పగడాలకు హానిచేసే రసాయనాలను నీళ్లలోకి వదులుతుంది. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేసి ఉంచడం మంచిది.

గ్రీన్ స్టార్ పాలిప్స్, జీనియా అనే పగడాలు చాలా సులువుగా పెరుగుతాయి. వాటితో చిక్కు కూడా అదే. గ్రీన్ స్టార్ పచ్చిక తివాచీలా పాకుతూ ప్రధాన శిల మీదికి చేరిందంటే వదిలించుకోవడం కష్టం. దాన్ని ఇసుకలో విడిగా ఉన్న రాయి మీదే ఉంచండి. జీనియా పాలిప్స్ పిడికిలిలా ముడుస్తూ తెరుస్తూ ఉండటం చూడముచ్చటగా ఉంటుంది. ఆ కదలిక వల్ల శైవలాలు వదిలే ఆక్సిజన్ అక్కడే పోగుపడకుండా చెదిరిపోయి, కిరణజన్య సంయోగక్రియ పెరుగుతుందని 2013లో పరిశోధకులు చూపించారు. ఎంత ముచ్చటైనదైనా చిన్న ట్యాంకులో జీనియా వద్దనే అంటాను.

జోయాంథిడ్స్ అనే పగడాల్లాంటి జీవులు రంగురంగుల్లో దొరుకుతాయి, సులువుగా బతుకుతాయి. కానీ వీటిలో కొన్నింటికి, ముఖ్యంగా పాలీథోవాలకు, పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయకూడదు. అవి పట్టిన రాయిని వేడినీళ్లలో వేయడం, మరిగించడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన ఘటనలున్నాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వీటిని కొన్నాళ్లు వాయిదా వేయడమే మేలు.

ఏది తెచ్చినా ముందు అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు రావాలి. లవణీయత 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35), ఉష్ణోగ్రత 25-26 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబడాలి. కొత్త పగడాన్ని నేరుగా లైటు కింద పెట్టకండి. ముందు అడుగున ఉంచి, రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా పైకి జరపండి. ఒక్కసారిగా ఎక్కువ వెలుతురు తగిలితే లోపలి శైవలాలను వదిలేసుకుని తెల్లబడుతుంది.

సముద్రంలోంచి తీసినవాటికన్నా ట్యాంకుల్లో పెంచి కోసిన ముక్కలనే అడిగి తీసుకోండి. ఇలాంటి ముక్కనే ఫ్రాగ్ అంటారు. అది అప్పటికే ట్యాంకు జీవితానికి అలవాటు పడి ఉంటుంది, సముద్రపు రీఫ్‌కూ నష్టం ఉండదు. ట్యాంకులో వేసేముందు పగడాల డిప్‌లో, అంటే పురుగులను వదిలించే మందునీళ్లలో, ముంచండి. డిప్ పురుగులను చాలావరకు రాల్చేస్తుంది కానీ వాటి గుడ్లను చంపలేదు. ఆ గుడ్లు ఎక్కువగా ఫ్రాగ్ అతికించిన ప్లగ్ అనే చిన్న దిమ్మ అడుగున దాగుంటాయి. కాబట్టి వీలైతే పాత ప్లగ్ తీసి పారేసి, ఫ్రాగ్‌ను కొత్తదానికి అతికించండి.