ఏడు మీద ఆగిన పెద్దముల్లు

మలక్‌పేటలో మా పై అంతస్తులో ఉండే పాప ఐదో తరగతి. మొన్న ఆదివారం లెక్కల నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. 1/3, 1/4 కలిపి 2/7 అని రాసింది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేసింది. పక్కన ఎర్రటి ఇంటూ మార్కు. "ఎందుకు తప్పు అంకుల్?" అని అడిగింది. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) తీయాలి అని చెప్పి పంపేయొచ్చు. కానీ అది పద్ధతి చెప్పడమే, ఆమె ప్రశ్నకు జవాబు కాదు.

గోడ గడియారం దింపి చేతికిచ్చాను. గంటలో మూడో వంతు ఎంత? ఇరవై నిమిషాలు. పావు? పదిహేను. మరి ఏడింట రెండు వంతులు? ఇద్దరం భాగహారం చేశాం: పదిహేడు నిమిషాల చిల్లర వచ్చింది. ఇరవైకి పదిహేను కలిపితే పదిహేడా! పాప తనే పెన్సిల్ తీసి కొట్టేసింది.

అసలు అందం ఆ తర్వాత ఉంది. 35 నిమిషాలకు పెద్దముల్లు 7 మీద ఉంటుంది. సరైన జవాబు 7/12. ముల్లు చూపే అంకే లవం, చుట్టూ ఉన్న 12 గళ్ళు హారం. మూడో వంతు అంటే నాలుగు గళ్ళు, పావు అంటే మూడు, కలిపితే ఏడు. క.సా.గు. అంటే ఇంతే, రెండు ముక్కల్నీ ఒకే సైజు గళ్ళుగా కోయడం. ముప్పావులోంచి మూడో వంతు తీసేస్తే? తొమ్మిది గళ్ళలో నాలుగు పోయి అయిదు, అంటే 5/12. సగానికి ఆరో వంతు కలిపితే ముల్లు 8 మీదికి వస్తుంది. 8/12 అన్నా, 2/3 అన్నా, నలభై నిమిషాలన్నా ముల్లు కదలదు. సూక్ష్మీకరణకు ఇంతకంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు.

అయిదో వంతు మాత్రం ఏ అంకె మీదా పడదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండు గంటలు కొట్టే బొమ్మ కోసం జనం గడియారం ముందు కూర్చుంటారు కదా, అక్కడ పిల్లల్ని అడగండి: ఇంకా పన్నెండు నిమిషాలుంది, గంటలో ఎన్నో వంతు? 12 గళ్ళు చాలవు, 60 గీతలు కావాలి. 60ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు పన్నెండు. 100కి తొమ్మిదే, అందులో 3 లేదు. 60కి కూడా 7 లొంగదు. గంటలో ఏడో వంతు 8 నిమిషాల 34 సెకన్లు, ఆపైన సెకనులో ఏడింట రెండు వంతులు. 60లో ఉన్న ప్రధాన కారణాంకాలు 2, 3, 5 మాత్రమే. సెకన్లుగా మార్చినా కొత్తది చేరదు.

మన పిల్లల నోట భిన్నాలు బడికి ముందే ఉన్నాయి: ఆరుంపావు, ఆరున్నర, పావుతక్కువ ఏడు. హైదరాబాద్‌లో వాటికి ఉర్దూ మాటలు సవా, సాడే, పౌనే కూడా వింటూ పెరుగుతారు. ఒకటిన్నరకు డేఢ్, రెండున్నరకు ఢాయీ అని విడి మాటలే ఉన్నాయి. ఇంత సొమ్ము చేతిలో ఉంచుకుని మనం పిజ్జా బొమ్మతో పాఠం మొదలుపెడతాం. నాకు బాధగా ఉంటుంది.

మా అమ్మ రాహుకాలం చూడందే గడప దాటేది కాదు. ఆ నమ్మకం నాకు లేదు, పిల్లలకూ అదే చెబుతాను. అందులోని లెక్క మాత్రం నేర్పుతాను: పగటిని ఎనిమిది సమభాగాలు చేస్తే ఒకటి. పగలు 12 గంటలైతే గంటన్నర. మన ఊళ్ళో డిసెంబరులో అది సుమారు 83 నిమిషాలు, జూన్‌లో సుమారు 98. అదే ఎనిమిదో వంతు, కానీ మొత్తం మారింది. దేనిలో వంతు అని అడగడం పిల్లలకు అలవాటు కావాలి.

చిన్నముల్లును ఎవరూ పట్టించుకోరు. అది గంటకు 30 డిగ్రీలు, నిమిషానికి అర డిగ్రీ నడుస్తుంది. రెండు అంకెల మధ్య ఎన్నో వంతు దాటిందో చూస్తే నిమిషాలు కూడా దానిలోనే ఉన్నాయి. తొలినాళ్ళ యంత్ర గడియారాల్లో చాలావాటికి ఉన్నది ఆ ఒక్క ముల్లే. జుమ్మెరాత్ బజార్‌లో కొన్న పాత గడియారానికి అద్దం తీసి, పెద్దముల్లు ఊడదీసి గోడకు తగిలించాను. చిన్నముల్లు 4 దాటింది, 5కి ఇంకా మూడో వంతు దూరంలో ఉంది.

"నాలుగు నలభై" అంది పాప, నేను అడగకముందే.