టెన్షనర్ టైట్ చేస్తే సౌండ్ పోతుందా? టైమింగ్ చైన్ గురించి అపోహలు - వాస్తవాలు

"అన్నా, టెన్షనర్ కొంచెం టైట్ చేసెయ్, సౌండ్ పోతుందంట." తిరుపతిలో మెకానిక్ షెడ్డు నడిపేవాడికి ఈ మాట వినని వారం ఉండదు. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు, బండి కొత్తగా శబ్దం చేస్తే ఎవరికైనా గుండె దడే. ఈ "అంట" అనే మాట పుట్టించేవాళ్ల మీదే కోపం. దాని వల్ల పాడైన ఇంజిన్లు విప్పీ విప్పీ విసుగొచ్చి రాస్తున్నా. టైమింగ్ చైన్ అంటే బైకు ఇంజిన్ లోపల క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) నుంచి పైనున్న క్యామ్ షాఫ్ట్‌ను తిప్పి, వాల్వులు సరైన టైముకి తెరిచి మూసేలా చూసే గొలుసు. దాన్ని బిగువుగా ఉంచేదే టెన్షనర్.

అపోహ: టెన్షనర్‌ను బయట నుంచి టైట్ చేస్తే చైన్ సౌండ్ పోతుంది

ఇప్పుడు రోడ్డు మీద తిరిగే బండ్లలో దాదాపు అన్నిటికీ ఆటోమేటిక్ టెన్షనరే. లోపల స్ప్రింగ్ ప్లంజర్‌ను (ముందుకు జరిగే చిన్న కడ్డీ) తోస్తుంది, ప్లంజర్ గైడును (చైన్ ఆనుకుని జారే రబ్బరు పట్టీ) నొక్కుతుంది, గైడు చైన్‌ను బిగువుగా పట్టుకుంటుంది. చైన్ అరిగి సాగేకొద్దీ ప్లంజర్ తనంతట తానే ముందుకు జరుగుతుంది, ర్యాచెట్టో (ఒకవైపే కదలనిచ్చే పళ్లు) స్క్రూనో అడ్డం ఉంటుంది కాబట్టి వెనక్కి రాదు. అంటే మనం చేతులు పెట్టి చేయాల్సిన అడ్జస్ట్‌మెంట్ ఏమీ లేదు.

మరి వెనక చిన్న బోల్టు విప్పితే కనిపించే స్క్రూడ్రైవర్ గాడి ఎందుకు? అది టెన్షనర్ విప్పేటప్పుడు, బిగించేటప్పుడు ప్లంజర్‌ను లోపలికి లాగి పట్టుకోవడానికి. చాలా మోడళ్లలో దాన్ని కుడివైపు తిప్పితే ప్లంజర్ లోపలికి పోతుంది, అంటే చైన్ వదులవుతుంది. టైట్ చేస్తున్నామనుకుంటూ లూజ్ చేస్తున్నారన్నమాట. స్క్రూడ్రైవర్ తీసేస్తే స్ప్రింగ్ మళ్లీ ప్లంజర్‌ను తోసేస్తుంది కాబట్టి చాలాసార్లు ఏమీ కాదు, కానీ ఇంజిన్ స్టార్ట్‌లో పెట్టి, సౌండ్ వింటూ ఆ గాడి తిప్పేవాళ్లను చూశాను. ఆ క్షణంలో వదులైన చైన్ పళ్లు దాటిందంటే టైమింగ్ తప్పుతుంది, చాలా ఇంజిన్లలో వాల్వులు వెళ్లి పిస్టన్‌కు తగులుతాయి, ఇక హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పైభాగం) దించాల్సిందే.

దీనికన్నా ఘోరం ఇంకోటుంది, స్ప్రింగ్ వెనక వాషర్లు వేసి ప్లంజర్‌ను బలవంతంగా నొక్కించడం. చంద్రగిరి వైపు నుంచి పాలు తెచ్చే పెద్దాయన బండికి ఎక్కడో ఇలాగే చేశారు. సౌండ్ ఆగిపోయింది, ఆయన సంతోషపడి క్యాన్లు వేసుకుని రోజూ తిరిగాడు. కొన్నాళ్లకు సన్నగా ఈల లాంటి శబ్దం మొదలైంది, తర్వాత హెడ్ దగ్గర టకటక. నా దగ్గరికి తెచ్చాక క్లచ్ వైపు కవర్ విప్పి ఆయిల్ జల్లెడ బయటికి లాగాను. దాని నిండా మిరియాల గింజలంత నల్ల రబ్బరు ముక్కలు, వేలితో నలిపితే జిడ్డుగా సాగుతున్నాయి. చైన్ బిగువుకు గైడు మీది రబ్బరు చెక్కుకుపోయి కింది ఇనుము బయటపడింది. ఆ ముక్కలు జల్లెడకు అడ్డంపడి పైకి ఆయిల్ సరిగా ఎక్కక క్యామ్ షాఫ్ట్ అరిగిపోయింది. "సౌండ్ పోయింది గదా నాయనా, బాగైందనుకున్నా" అన్నాడు పెద్దాయన. ఆయనకేం చెప్పను? మొదట్లోనే చైన్, గైడు మార్చి ఉంటే అయిపోయే పని. సౌండ్ ఆగడం వేరు, జబ్బు తగ్గడం వేరు.

సరైన పద్ధతి కూడా చెబుతా, మీ బండి విప్పేటప్పుడు పక్కన నిలబడి చూసుకోండి. ముందు ఆయిల్ లెవెల్. ఆయిల్ తగ్గినా చైన్ మోగుతుంది, చాలామంది చూడనిది ఇదే. తర్వాత ట్యాపెట్లు, అంటే వాల్వుల పైన ఉండాల్సిన సన్నటి గ్యాపు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఫీలర్ గేజ్‌తో (గ్యాపు కొలిచే సన్న రేకులు). అప్పటికీ శబ్దం ఉంటేనే టెన్షనర్ జోలికి. మ్యాగ్నెట్ (క్రాంక్ చివర తిరిగే చక్రం) మీద టి మార్కును కేసు మీది గుర్తుకు కలిపి, పిస్టన్ కంప్రెషన్‌లో (రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు) పైన ఉందని చూసుకుని, అప్పుడు విప్పాలి. టెన్షనర్ బయట ఉన్నంతసేపూ కిక్ కొట్టకూడదు, సెల్ఫ్ నొక్కకూడదు, గేరులో ఉన్న బండిని తొయ్యకూడదు. చేతికి వచ్చాక ర్యాచెట్, స్క్రూ రకమైతే ప్లంజర్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కండి. వెనక్కి పోతే టెన్షనర్ పోయినట్టే, మార్చాలి. పోకుండా నిలబడి, కానీ దాదాపు మొత్తం బయటికి వచ్చేసి ఉంటే టెన్షనర్ తప్పేమీ లేదు, చైన్ సాగింది లేదా గైడు అరిగింది. అప్పుడు కొత్త టెన్షనర్ కొంటే డబ్బు దండగ. మళ్లీ పెట్టేటప్పుడు ప్లంజర్‌ను పూర్తిగా లోపలికి లాగి, బోల్టులు బిగించి, ఆ తర్వాతే వదలాలి. అలా లాగకుండా బోల్టులతో నొక్కి కూర్చోబెడితే గైడు విరగొచ్చు, త్రెడ్ పోవచ్చు. చివరగా స్పార్క్ ప్లగ్గు తీసి క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి మార్కులు చూడాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితేనే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే రెండు.

మిగతావి గబగబా

టకటకమంటే ట్యాపెట్లు టైట్ చేయించాలంటారు. ట్యాపెట్ శబ్దం హెడ్ పైన సన్నగా, లెక్కగా వస్తుంది. చైన్ శబ్దం సిలిండర్ పక్కన గరగరమంటూ, రేజ్ చేసి వదిలినప్పుడు ఎక్కువగా. పొడుగు స్క్రూడ్రైవర్ ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. చైన్ సౌండుకు ట్యాపెట్ గ్యాపు లేకుండా బిగిస్తే వాల్వు కాలిపోతుంది.

చిక్కటి ఆయిల్ పోస్తే సరి అనేది ఇంకోటి. కంపెనీ 10డబ్ల్యు-30 (ఆయిల్ చిక్కదనం గ్రేడు) చెబితే అదే పోయండి, మన ఊరి ఎండలకైనా సరే.

"మొన్ననే చైన్ టైట్ చేయించానే" అంటారు కొందరు. అది వెనక చక్రం చైన్, దీనికీ దానికీ సంబంధం లేదు.

పాత బుల్లెట్లకు టైమింగ్ చైనే లేదు, క్యాములు గేర్లతో తిరుగుతాయి, రాడ్లు వాల్వులను లేపుతాయి. దానిలో ఉన్నది ఇంజిన్ నుంచి క్లచ్‌ను తిప్పే ప్రైమరీ చైన్, దాని అడ్జస్ట్‌మెంట్ వేరు. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350లో మాత్రం టైమింగ్ చైన్ ఉంది. ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్, దాని హెడ్‌లో క్యామ్‌తో తెరుచుకునే వాల్వులే లేవు, అడగక్కర్లేదు. స్ప్లెండర్ లాంటి వంద సీసీ బండ్లలో రబ్బరు రోలర్లు కూడా ఉంటాయి, అవి గట్టిపడి అరిగినా అదే శబ్దం, కాబట్టి చైన్ ఒక్కటే మార్చి వదిలెయ్యకండి.

కొండకు పోయి రావడం వల్ల చైన్ లూజవుతుందని ఒక భయం. ఘాట్‌రోడ్డు ఎక్కితే లూజవదు. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి గేరు మీద వస్తాం కాబట్టి అప్పటికే అరిగిన చైన్ అయితే అక్కడ బయటపడుతుంది, అంతే. వినబడితే దిగాక చూపించుకోండి, దారిలో ఆపి ఏ బోల్టూ తిప్పకండి.

పొద్దున స్టార్ట్ చేసిన వెంటనే ఒకటి రెండు సెకన్లు గరగరమని ఆగిపోతే టెన్షన్ పడకండి. రాత్రంతా కిందికి దిగిన ఆయిల్ పైకి ఎక్కేదాకా ఉండే శబ్దమది. రోజురోజుకీ ఎక్కువసేపు ఉంటోందంటే మాత్రం తీసుకురండి. అయితే మీరు షెడ్డుకు వచ్చేసరికి ఇంజిన్ వేడెక్కి శబ్దం మాయమైపోతుంది, మేమూ ఏమీ తేల్చలేం. అందుకే పొద్దున మొదటి స్టార్ట్ ఫోన్‌లో రికార్డు చేసి తెండి, లేదా రాత్రికి బండి షెడ్డులోనే వదిలి పొండి.