రైన్‌లాండ్ గొడవకి మూలం పట్టాలో ఉంది

కెనడాలోని మానిటోబా ప్రావిన్స్‌లో, అమెరికా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న గ్రెట్నా, ప్లమ్ కూలీ పట్టణాలను 2015 జనవరి 1న రైన్‌లాండ్ మున్సిపాలిటీలో కలిపేశారు. వెయ్యి మంది జనాభా కూడా లేని మున్సిపాలిటీలు పక్కవాటితో కలవాల్సిందేనని ప్రావిన్స్ ప్రభుత్వం చట్టం చేసింది. విలీనం మాట మళ్లీ వచ్చినప్పుడల్లా "మా ఊరి పాలన మాకే కావాలి" అనే వాదన లేస్తుంది. అది కొత్త మాటేం కాదు, ఆ నేల మీద మెనొనైట్లు, అంటే ఆయుధం పట్టని ఒక క్రైస్తవ శాఖవాళ్లు, నూట నలభై ఏళ్లుగా అంటున్న మాటే.

రష్యా నుంచి ఎందుకొచ్చారు, సైన్యంలో చేరనక్కర్లేదని కెనడా ఇచ్చిన హామీ ఏమిటి అన్నవి అందరూ రాస్తారు. (1889లో మన దేశానికి వచ్చి నల్గొండలో పనిచేసిన మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ కూడా రష్యా మెనొనైట్లలోంచి వచ్చినవాడే, కాకపోతే శాఖ వేరు.) పిల్లలు ఇంగ్లీషు బడులకే వెళ్లాలన్న 1916 తర్వాతి గొడవ గురించీ చాలానే చెప్తారు. నాకైతే అసలు మలుపు అంతకు ముందే, పట్టా దగ్గర వచ్చిందనిపిస్తుంది.

1875లో వచ్చిన కుటుంబాలు ఒకే వీధికి అటూ ఇటూ, ఇల్లూ గొడ్ల కొట్టమూ కలిపి ఒకే కట్టడంగా వేసుకున్నాయి. చట్ట ప్రకారం ఒక్కొక్కరి పేరున 160 ఎకరాలు రాసిస్తే, వీళ్లు వాటన్నిటినీ కలిపేసి, మంచి నేల ఒకరికి, నీళ్లు నిలిచే నేల ఇంకొకరికి పడకుండా పొడుగాటి పట్టీలుగా చీల్చి పంచుకున్నారు. ఊరికొక పెద్ద, అతన్ని షుల్జ్ అనేవారు; ఊళ్లన్నిటి మీదా పెద్దగా ఐజాక్ ముల్లర్ ఉండేవాడు. దారులు, పశువుల కాపరి, అగ్నిప్రమాద నష్టం, తండ్రి పోయిన పిల్లల ఆస్తి, అన్నీ వాళ్లే చూసుకునేవారు.

నేల కలిపి పంచుకున్న ఆ ఒప్పందం వాళ్లలో వాళ్లు చేసుకున్నది, పట్టా మాత్రం ప్రభుత్వం ఇచ్చిన కాగితం. ఎవరైనా ఒకరు అలిగి "నా 160 ఎకరాలు నాకిచ్చేయండి" అంటే చట్టం అతని పక్షమే, అతని పట్టా ఊరి నడి వీధి మీద పడ్డా సరే! చర్చి అలాంటివాళ్లను వెలివేసింది. సొంత పొలంలో ఇల్లు కట్టుకోవాలనుకున్న రైతుకీ తన కారణాలు తనకున్నాయి, కాదనను. కానీ ఒక్కొక్కరే తప్పుకుంటుంటే ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి విడిపోయాయి.

సరిగ్గా ఆ సమయంలోనే, 1880ల్లో, ప్రావిన్స్ వీళ్ల మీద రైన్‌లాండ్, డగ్లస్ అని రెండు మున్సిపాలిటీలు పెట్టింది. 1875లో వచ్చి ఆ ఊళ్లు కట్టిన పాత చర్చివాళ్లు ఓటు వేయలేదు, పదవి తీసుకోలేదు. ఊళ్లు నడపడం వాళ్లకి ముందే వచ్చు, ఆ పని తీసి ఇంకొకరి చేతిలో పెట్టారన్నదే వాళ్ల బాధ. కౌన్సిల్ కుర్చీల్లో మానిటోబాలోనే తూర్పు వైపు నుంచి వచ్చిన బెర్గ్‌తాలర్ అనే వేరే శాఖ మెనొనైట్లు కూర్చున్నారు. కొన్నేళ్లకే డగ్లస్‌ని రైన్‌లాండ్‌లో కలిపేశారు, అంటే 2015 నాటిది అక్కడ మొదటి విలీనం కూడా కాదు.

బడులు పోయాక ఇక ఉండలేమనుకున్నవాళ్లు మెక్సికో దారి పట్టారు. 1922 మార్చి 1న సామాన్లు, పశువులతో సహా మొదటి రైలు కదిలింది ప్లమ్ కూలీ స్టేషన్ నుంచే.